రెండు సీళ్ళ తేనెపెట్టె

గాజుపలక మీద తేనెచుక్క పడగానే మీటర్ సన్నగా మోగింది. తెర మీద అంకెలు తేలాయి. అవతలి రాష్ట్రం అరవై రెండు శాతం, ఇవతలి రాష్ట్రం ముప్పై ఎనిమిది. డాక్టర్ నీలవేణి ముఖం వెలిగిపోయింది. పదకొండేళ్ళ చాకిరీ మరి, ఆమాత్రం సంబరం ఉండదా!

ఎదురుగా నిలబడ్డ జోగయ్యకు అంకెలు అర్థం కాలేదు, ఊరట మాత్రం అర్థమైంది. అతనిది పసుపుగొంది, రెండు రాష్ట్రాల సరిహద్దులో కొండ ఊరు. ఇల్లూ తేనెపెట్టెలూ ఇవతల. ఈగలు మాత్రం పొద్దున్నే సరిహద్దు దాటి, అవతలి వలిసె పూల మీద తిరిగి, సాయంత్రానికి ఇల్లు చేరతాయి. పెట్టెలు మా నేల మీదున్నాయి కాబట్టి ఆదాయమంతా మా లెక్కే అంటుంది ఇవతలి పన్నుల శాఖ. పువ్వు మాది, మనిషి ఎక్కడుంటే మాకేం అంటుంది అవతలిది. ఒకే తేనెకు రెండు పన్నులు కట్టీ కట్టీ జోగయ్య నలభై పెట్టెల్లో పన్నెండు అమ్ముకున్నాడు. మిగిలినవైనా దక్కించుకోవాలని అతని తాపత్రయం.

పుప్పొడిలో ఆ మొక్క పెరిగిన మట్టి ఆనవాలు ఉంటుంది. నీలవేణి మీటర్ దాన్ని చదివి ఏ నేల నుంచి ఎంత తేనె వచ్చిందో చెప్పేస్తుంది. ఎవరి పువ్వుకు వాళ్ళకే పన్ను. రెండు శాఖలూ ఒప్పుకున్నాయి.

ఒప్పుకుని ఊరుకున్నాయా? పువ్వుంటేనే పన్ను అని తెలిశాక రెండు ప్రభుత్వాలకూ పూలపిచ్చి పట్టింది. డ్రోన్లు పోటీలు పడి విత్తనాలు చల్లాయి. రెండేళ్ళకు సరిహద్దు పొడవునా కొండలు పసుపుగా, ఊదాగా మంచులోంచి తేలి వచ్చేవి. ఏ రాష్ట్రం ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు. గాలికే తీపి వచ్చింది. పసుపుగొంది జనం పొయ్యి మీద ఎసరు మరిచిపోయి అలా చూస్తూ ఉండిపోయేవాళ్ళు. ఎంత అందమో చెప్పలేను.

అయితే తేనెలో కల్తీ జరగకూడదని రెండు శాఖలూ పెట్టెల మూతలకు చెరో సీలు వేశాయి, ఈగలు తిరిగే కన్నం మాత్రం వదిలేశాయి. కొలత రోజు దాకా మూత తీస్తే లైసెన్సు రద్దు, పెట్టెలు జప్తు.

పూలు విరగబూస్తే ఈగలు పెరుగుతాయి, పెట్టె ఇరుకవుతుంది. వారానికోసారి మూత తీసి చోటు చెయ్యాలి, కొత్త రాణి ఈగలు పెరిగే గదులు గిల్లెయ్యాలి. లేదంటే గుంపులు గుంపులుగా లేచిపోతాయి. జోగయ్య ఇవతలి ఆఫీసరు దగ్గరికి పరిగెత్తాడు. నా సీలు తీస్తాను గానీ వాళ్ళది నేను ముట్టుకోకూడదన్నాడాయన, పాపం మర్యాదగానే. అవతలి ఆఫీసరూ అదే మాట. నీలవేణి రెండు రాజధానులకూ ఉత్తరాలు రాసింది. ఉమ్మడి కమిటీ వేస్తామని జవాబొచ్చింది.

జోగయ్య ఆమెను పెట్టె దగ్గరికి తీసుకెళ్ళి చెవి ఆనించి వినమన్నాడు. లోపల హోరు.

"ఇంకో పది రోజులు ఓపిక పట్టండి జోగయ్య గారూ," అంది ఆమె. తన మాట తనకే సిగ్గనిపించింది.

"నేను పడతానమ్మా. అవి పట్టవు."

కొలత రోజున ఇద్దరు ఆఫీసర్లూ కలిసి సీళ్ళు తీశారు. ఇరవై ఎనిమిది పెట్టెల్లోనూ ఎండిన మైనం, చచ్చిన ఈగలు గుప్పెడు. మిగతావి తేనెంతా తాగేసి వెళ్ళిపోయాయి. ఇద్దరూ కాగితాల మీద ఆదాయం సున్నా అని రాశారు. ఇన్నేళ్ళలో రెండు రాష్ట్రాల అంకె కలవడం అదే మొదలు. తగాదా తీరిందని కరచాలనం చేసుకుని, నీలవేణిని అభినందించి జీపులెక్కారు.

క్షమించమని అడగడానికి నీలవేణి జోగయ్య దగ్గరికి నడిచింది.

అతను సరిహద్దు వైపు చూస్తున్నాడు. కనుచూపు మేరా పూలు, పూల మీద ఈగలు.

"అన్నీ నావేనమ్మా," అన్నాడు మెల్లగా. "చూస్తే తెలుస్తోంది. పిలిస్తే రావు, అంతే."