మైక్ తెరవని శాంతన్న

గద్వాల బస్టాండులో సన్నగా వాన. బెంచీకి ఒక చివర ప్రశాంత్, మరో చివర ఎవరో అమ్మాయి. ఇద్దరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు, చేతుల్లో ఫోన్లు.

ప్రశాంత్ ఎదురుచూస్తున్నది శాంతన్న కోసం. ఎన్నడూ చూడని మనిషి. ఆన్‌లైన్ ఆటలో ఇద్దరిదీ ఒకే టీం. శాంతన్న మైక్ తెరవడు, అన్నీ టైప్ చేసే చెబుతాడు. ప్రశాంత్ దెబ్బతిని పడిపోతే మాత్రం తూటాల మధ్య నుంచైనా వచ్చి లేపుతాడు. ఇవాళ ఇద్దరూ వనపర్తిలో పోటీకి పోవాలి. టీంలో మూడోవాడు గోపి మానవపాడు నుంచి నేరుగా అక్కడికే వస్తాడు.

బస్సు వచ్చేలోపు ముగ్గురూ ఒక ఆట మొదలుపెట్టారు. నాలుగో ప్లేయర్‌గా ఎవరో చేరారు.

"హలో, మ్యాప్‌లో ఎక్కడ దిగుదాం?" ఆడగొంతు.

గోపి నవ్వాడు. "ఆడపిల్లనా? గెలిచినట్టే ఇగ."

"నీకెందుకమ్మా గీ ఆట?" ప్రశాంత్ అందుకున్నాడు. "పోయి రొట్టెలు చేస్కో."

ఆ నాలుగో ప్లేయర్ వెంటనే ఆటలోంచి వెళ్లిపోయింది.

తెరమీద శాంతన్న మాట కనిపించింది. 'నేను పోటీకి రాను. ఇంటికి పోతున్న.'

"ఏమైందన్నా? యాడున్నవ్?"

'నీ పక్కన్నే.'

ప్రశాంత్ తల తిప్పాడు. బెంచీ చివరి అమ్మాయి ఫోన్ సంచిలో పెట్టుకుంటోంది. అతని చెవులు భగ్గుమన్నాయి.

"శాంతయ్య మా నాయన. ఐడీ ఆయన పేరు మీద పెట్టిన. నా పేరు కృప," అందామె. "మొదట్ల నేను గూడ మైక్ పెట్టిన. నన్ను గూడ రొట్టెలు చేస్కోమన్నరు. నువ్వు గట్లాంటోనివి కాదనుకున్న."

ఆమె లేచి ధరూర్ ఆటో వైపు నడిచింది. ప్రశాంత్ వానలోనే వెంటపడి ఫోన్ స్పీకర్ పెట్టాడు.

"గోపీ, ఇందాక తప్పు మాట్లాడిన. సిగ్గయితుంది. మన శాంతన్న ఆడపిల్లరా."

స్పీకర్‌లో గోపి అరిచాడు. "అయితే దినాం నన్ను తిట్టేది ఆమెనేనా?"

"నువ్వు ఆడే ఆటకు తిట్టక ముద్దు పెట్టుకుంటరా?" అనేసింది కృప.

"ఎక్కుతవా లేదామ్మా?" ఆటో అతను విసుక్కున్నాడు.

కృప ఎక్కలేదు. "మాఫీ నాకు గాదు. ఆ పిల్లకు చెప్పు."

ప్రశాంత్ ఆ అమ్మాయి ఐడీ వెతికి, 'తప్పయింది, మళ్ల ఆడుదాం రా' అని పంపాడు. పంపేలోపు తడిసిన తెరమీద రెండుసార్లు తప్పు కొట్టాడు. కృప చూస్తూనే ఉంది.

"పోటీల నేను మైక్ తెరుస్త."

"ఎవడన్నా ఏమన్న అంటే నేను చూసుకుంట."

"నువ్వేం చూసుకోకు. చెప్పినట్టు ఆడు, చాలు."

"సరే అన్నా."

కృప ముఖం తిప్పుకుని నవ్వింది.

వనపర్తి బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. ఆమె ముఖం చూడలేక ప్రశాంత్ మళ్లీ ఆట తెరిచి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీ మీద జారే చినుకులనే చూస్తున్నాడు. ఇంతలో, ఎన్నడూ పలకని శాంతన్న మైక్ తెరుచుకుంది.

"ప్రశాంత్, జర ఇటు చూడు."