ఎత్నీ కొడుకు

ఉత్తరాన చలిసముద్రం ఒడ్డున ఉండే మా పిక్టు జాతిలో కొత్త రాజును కేకేసి పిలిచేది నేనే. నేను గొంతెత్తితే ఆకాశంలో గద్ద రెక్కలాడించడం మరిచిపోయి కిందపడేది. సముద్రం అడుగున చేపలు ఉలిక్కిపడేవి. నమ్మరా? పోయి ఆ చేపల్నే అడగండి.

మాలో రాజ్యం తండ్రి నుంచి రాదు, తల్లి నుంచి వస్తుంది. అందుకే పట్టాభిషేకంలో రాజు పేరు పలకం. తల్లి పేరే పలుకుతాం.

ముసలిరాజు చెల్లెలు ఎత్నీకి ఇద్దరు కొడుకులు. పెద్దోడు ఆర్త్‌బ్రాన్, చిన్నోడు ఊవెన్. ఒకే అచ్చులో పోసినట్టుండేవారు. ముసలిరాజు కన్నుమూయగానే పెద్దోడు తమ్ముడి చేతులు కట్టించి సముద్రంలోకి తోయించాడు. అందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తలేదు.

పట్టాభిషేకం నాడు మిట్టమధ్యాహ్నమే సముద్రం మీంచి పొగమంచు కమ్మేసింది. కొండకొమ్మున బండలో చెక్కిన పాదముద్ర ఉంది. నేను పిలవాలి, కొత్త రాజు వచ్చి అందులో పాదం పెట్టాలి. పక్కనున్న మనిషి కనబడటం లేదు. తడిసిన ఉన్ని వాసన, ఆరిపోయిన దివిటీల కమురు వాసన...

ఆర్త్‌బ్రాన్ నా చెవిలో గొణిగాడు. "ముసలి నక్కా, ఇవాళ కాస్త మెల్లిగా పిలువు."

"మెల్లిగా నాకు చేతకాదు ప్రభూ. పోనీ, తమరి పేరుతో పిలవనా?"

"అలా పిలిస్తే నేను రాజునెలా అవుతానురా!" అన్నాడు.

నిజమే మరి. తల్లి పేరు లేనిదే రాజ్యం లేదు.

కేకేశాను. "ఎత్నీ కొడుకా! వచ్చి పాదం పెట్టు!"

కింద అలల చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు... ఎక్కడో చాలా కిందనుంచి... "వస్తున్నా."

ఆర్త్‌బ్రాన్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "నేను కాదు," అన్నాడు గుసగుసగా. "నేను నోరే విప్పలేదు."

కొండెక్కుతున్న అడుగులు. తడి అడుగులు. ఇంకా దగ్గరగా... ఇంకా...

నా చెయ్యి వదిలేశాడు. వదిలాడో, లాగేశారో.

మంచు విడిపోయింది. ముద్రలో పాదం పెట్టి రాజు నిలబడి ఉన్నాడు. ఒక్కడే. నవ్వుతున్నాడు.

చాలా ఏళ్లు ఏలాడు. యుద్ధాలన్నీ గెలిచాడు, సగం నా కేకతోనే అనుకోండి. ఆయన ఏలుబడిలో మా పడవ ఒక్కటీ మునగలేదు. పెద్దోడు భలే మారాడని జనం మురిసిపోయారు.

ఓ చలికాలం సాయంత్రం, బార్లీ సారా తాగి రాజుగారి పొయ్యి పక్కన కళ్లు మూసుకుని పడున్నాను. నిద్రపోయాననుకున్నారు. ఎత్నీ రాజు తల దువ్వుతోంది. దువ్వుతూ దువ్వుతూ ఆగి, మెల్లిగా అడిగింది.

"మరి వాడికి... అక్కడ చలేస్తోందా?"

రాజు మంటలోకే చూస్తూ అన్నాడు.

"మొదట్లోనేలే అమ్మా. తర్వాత అలవాటైపోద్ది."