తోలు కప్పిన పిల్ల

మా గొర్రెలోళ్లలో ఒక పద్ధతుంది. గొర్రె ఈనిన పిల్ల చచ్చిపోతే, దాని తోలు వొలిచి తల్లి లేని ఇంకో పిల్లకు కడతాము. గొర్రె వాసన చూసి తన పిల్లే అనుకుంటాది, పాలిస్తాది. ఆళ్లగడ్డ పక్కన మా దొడ్లో ఈ ఏడు కూడా చేసినాను.

అదే పని నా పెళ్లానికీ చేసినాను. తిట్టేటోళ్లు తిట్టుకోండప్పా. మీ ఇంట్లో మనిషి కళ్ల ముందర ఎండిపోతాంటే అప్పుడు మాట్లాడుదురు.

మా కొడుకు జ్వరంతో పోయినాడు. నంద్యాలకు తీసకపోయినా దక్కలేదు. తెల్లగుడ్డలో చుట్టి కొండ కింద పూడ్చినాము. ఆ పొద్దు నుంచి నా పెళ్లాం ఓబులమ్మ ముద్ద ముట్టలేదు. పాలు గడ్డకట్టి ఒళ్లు కాలిపోతాన్నా గోడ తట్టు తిరిగి పండుకునేది. ఇది కూడా నాకు దక్కదని తెలిసిపోయింది.

అప్పుడే నల్లమల అంచున, తోడేలు గుహలో ఆ ఆడబిడ్డ కనబడింది. తోడేలు కూనల మధ్యలో పాకుతాంది. ఒళ్లంతా పచ్చి మాంసం కంపు. తల్లి తోడేలు వేటకు పోయినట్టుంది. నేను కప్పుకున్న కంబట్లో చుట్టుకొని పరిగెత్తినాను. ఇంటికొచ్చి, ఉతకని నా కొడుకు చొక్కా ఆ బిడ్డకు తొడిగినాను. ఓబులమ్మ వాసన చూసింది... గుండెకు హత్తుకునింది. నేను దొడ్లోకి పోయి ఏడ్చినాను.

ఆళ్లగడ్డలో మటన్ అంగడి పెట్టుకున్న వాజిద్ నాకు చిన్నప్పటి దోస్తు. వానికొక్కనికే చెప్పినాను. యా పాలు తాగితే ఆ గుణమే వస్తాదని వాడు, మనిషి కడుపున పుట్టింది మన మధ్య పెరిగితే మనిషే అవుతాదని నేను, చానా సేపు వాదులాడినాము. కడాకు వాడు మెల్లగా అడిగినాడు.

"బిడ్డ సంగతి సరే మద్దిలేటీ. ఆ తోడేలు ఊరికే ఉంటాదా?"

నేను లేచి ఇంటి దావ పట్టినాను.

మర్సనాడు పొద్దుగూకేటప్పుడు గొర్రెలన్నీ ఒక్కసారి మోరలెత్తినాయి. కుక్క మంచం కిందికి దూరింది. మా వాకిట్లో తోడేలు అడుగులు. గడప దాకా వచ్చినాయి... ఆడ తిరుక్కొని కొండ తట్టు పోయినాయి. వాటెంబడే పోయినాను.

నా కొడుకును పూడ్చిన గుంత తోడి ఉంది. లోపల ఏమీ లేదు.

అప్పుడు అర్థమైంది. గడప కాడ దానికి తన బిడ్డ వాసన రాలేదు. నా కొడుకు వాసన వచ్చింది. ఆ వాసన పట్టుకొని ఈడికొచ్చింది. నేను చేసిన పనే ఇది. నా చేతులు ఇరిగిపోనూ.

పైన బండ మీద తోడేలు పండుకొని ఉంది. దాని పొట్ట కాడ తెల్లగుడ్డ... కదుల్తాంది. పాలు చప్పరించే సద్దు. తర్వాత ఏడుపు. ఆ ఏడుపు నాకు తెలుసు.

ఎనక ఓబులమ్మ. చంకలో బిడ్డ. రైక తడిసిపోయింది.

"మనోడు ఆకలికి ఏడుస్తాండాడయ్యా," గుసగుసగా అనింది.

"వాడు లేడు మే... ఇంటికి పోదాం పా."

చంకలో బిడ్డను నేల మీద దించింది. చెయ్యి పట్టుకుంటే ఇదిలించుకొని బండ తట్టు నడిచింది. నేను అడుగేయబోతే బిడ్డ నా కాలు చుట్టేసుకునింది. "అమ్మా..." అని పిలిచింది. దాని నోట్లోంచి మాట రావడం అదే మొదలు. ఓబులమ్మ తిరిగి చూడలేదు.

తోడేలు లేచి పక్కకు జరిగింది. తెల్లగుడ్డ కూడా లేచింది... రెండు కాళ్ల మీద. చేతులు చాపి ఓబులమ్మకు ఎదురొస్తాంది.

నా కొడుకు ఇంకా పాకడం కూడా నేర్చుకోలేదు.