బాణం రాని గడి

"ఉదయం పదకొండుకి ఊళ్లో వెంటిలేటర్లన్నీ ఆగిపోతాయి. వాటి సాఫ్ట్‌వేర్‌లో విదేశీ ముఠా ఏదో దాచింది. కనిపెట్టి తీసెయ్యాలి," అన్నాడు చీఫ్.

పిన్ని తలూపింది. గూఢచార డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆమెను పిలిచే పేరది. ఆ వెంటిలేటర్లలో ఒకదాని మీద ఆమె సొంత అక్క ఉంది. ఆ సంగతి చీఫ్‌కీ తెలుసు.

పదిన్నరకు టీ మనిషి వేషంలో, ఫ్లాస్కుతో, ఆ వెంటిలేటర్లను నడిపే కంపెనీ సర్వర్ రూమ్‌లో అడుగుపెట్టింది. వెంట 'నెమలి' అనే మారుపేరున్న అమ్మాయి. పెదవుల రంగు చెదరని, ఆ కంపెనీ టెస్టింగ్ ఇంజనీరు. ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్.

వెనక తలుపు మూసుకుంది. బయట తాళం పడిన చప్పుడు. గదికి కిటికీ కూడా లేదు.

ఫ్లాస్కు అడుగున దాచిన స్కానర్ కోడ్‌నంతా ప్రోగ్రామ్ గ్రాఫ్‌గా గీసి తెర మీద పెట్టింది. ఒక్కో పనికి ఒక్కో గడి. దేని తర్వాత ఏదో చెప్పే నల్ల బాణాలు. ఏ విలువ ఎక్కడికి పోతుందో చెప్పే ఎర్ర బాణాలు. మూలన 'గాలి ఆపు' అనే గడి ఒంటరిగా ఉంది.

"దానికి బాణమే రావట్లేదు పిన్నిగారూ. ఎవరూ పిలవని పాత కోడ్. ఇక్కడ అలాంటివి ఎవరూ ముట్టుకోరు," అంది నెమలి.

"మా ఇంట్లోనూ ఓ స్విచ్ ఉంది. దేనిదో తెలీదని పదేళ్లు ఎవరూ ముట్టుకోలేదు. తీరా చూస్తే మోటారుది."

పిన్ని నల్ల బాణాలు వదిలి ఎర్రవాటి వెంట పడింది. గడియారం నుంచి ఒకటి బయల్దేరి ఓ పట్టికలోకి దూరింది. గంటను బట్టి తర్వాత ఏ గడికి వెళ్లాలో చెప్పే పట్టిక అది. పదకొండో వరుసలో ఆ ఒంటరి గడి చిరునామా.

"కీబోర్డు మీంచి చేతులు తీయండి." నెమలి చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్టల్. పదకొండుకి నాలుగు నిమిషాలు.

పిన్ని చేతులు తీసింది. కళ్లు మాత్రం తెర మీదే ఉన్నాయి.

"కాల్చేముందు ఆ గడి నుంచి బయటికొచ్చే రెండో బాణం చూడు తల్లీ. మంటలార్పే గ్యాస్. ఈ గదిలోదే. వదిలితే ఊపిరాడదు. తాళం వేసింది మీవాళ్లేగా? నువ్వు లోపలున్నావని వాళ్లకి తెలీదంటావా?"

నెమలి బాణం వెంట వేలు పెట్టి చూసింది. మళ్లీ ఒకసారి చూసింది. తలుపు దగ్గరికెళ్లి తన కార్డు రుద్దింది. ఎర్ర లైటు.

"పట్టిక మార్చాలంటే పాస్‌వర్డ్ కావాలి. మా అక్కకి మూడు నిమిషాలుంది. మనకీ అంతే."

నెమలి పిస్టల్ టేబుల్ మీద పెట్టి తనే టైప్ చేసింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి తెరుచుకుంది. పిన్ని పదకొండో వరుసలో పదో వరుస చిరునామా పెట్టి ఎంటర్ నొక్కేసరికి మిగిలింది ఒక్క సెకను.

పదకొండు దాటింది. పైన గ్యాస్ గొట్టం కిక్కురుమనలేదు.

పిన్ని చెవిదిద్దులో చీఫ్ గొంతు వినిపించింది. "మీ అక్కగారు బాగానే ఉన్నారు. ఇక బయటికొచ్చేయండి."

"ఈ తలుపుకి గ్రాఫ్‌లో బాణం లేదు సార్. తాళాలు తీసేవాణ్ణి పంపండి," అంది పిన్ని, ఫ్లాస్కులో టీ రెండు కప్పుల్లోకి వంచుతూ. "తొందరేం లేదు. ముద్దాయి ఇంకా టీ తాగలేదు."