కుందేలు కోట గేటు ముక్క

నేను వాళ్ళింట్లో మొదటిసారి అడుగుపెట్టింది సరిగ్గా ఒక ప్లాస్టిక్ ఇటుక మీద.

మంచినీళ్ళ ఫిల్టర్ బాగుచేయడం నా పని. బూట్లు గుమ్మం బయట విప్పి, టూల్ బ్యాగ్ భుజాన వేసుకుని వంటింటికేసి నడుస్తున్నాను. అరికాల్లో చురుక్కుమంది. నేను పెట్టిన కేకకి పై అంతస్తులో గోడ గడియారం ఆగిపోయింది, ఇప్పటికీ నడవట్లేదు. ఎగిరి ఫ్యానుకి తగిలి, దాంతోపాటు రెండు చుట్లు తిరిగి, వచ్చి ఒక కోట మీద పడ్డాను.

“నా కోట!” అని ఏడేళ్ళ పిల్ల లేచి నిలబడింది.

“నా కాలు!” అన్నాను నేను.

“ముందు కోట సంగతి చెప్పండి,” అంటూ వంటింట్లోంచి ఒకమ్మాయి వచ్చింది. చేతిలో గరిటె. పిల్లకి మేనత్త. కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. ఎవరినైనా ఒక్కసారి చూస్తే చాలు, ఏ అద్దాలు పెట్టాలో చెప్పేస్తుంది. నన్ను చూసి, “మీకు కిందకి చూసే అద్దాలు కావాలి,” అంది.

“ఫిల్టర్ చూసి వెళ్ళిపోతానండీ.”

“కోట కట్టి వెళ్ళండి. ఫిల్టర్ తర్వాత.”

కూర్చున్నాను. ఆ కూర్చోవడం కూర్చోవడం ఆరు ఆదివారాలు లేవలేదు.

టీవీలో ఆడే కుందేలు ఆట ఒకటుంది. హెల్మెట్ పెట్టుకున్న కుందేలు గెంతుకుంటూ, నక్షత్రాలు ఏరుకుంటూ, చివరి లెవెల్లో డ్రాగన్ కోటలోకి దూరాలి. ఆ పిల్లా, వాళ్ళ నాన్నా చెరో రిమోట్ పట్టుకుని ఆడేవాళ్ళు. ఆ కోటనే ముక్కలుగా పెట్టెలో పెట్టి అమ్ముతారు. నాన్న ఓడలో ఇంజన్ మనిషి. ఈసారి వెళ్ళేటప్పుడు ఆ పెట్టె కొనిచ్చి వెళ్ళాడు. అందులో ఆరు కవర్లు. ఆదివారానికి ఒక్కటే విప్పాలని నాన్న పెట్టిన రూలు. నాన్న వచ్చాక ఇద్దరూ కలిసి కుందేల్ని గేటులోంచి లోపలికి గెంతించాలని కూతురు పెట్టిన రూలు. ఆదివారాలు వాళ్ళమ్మకి హాస్పిటల్ డ్యూటీ. అందుకే మేనత్త కాపలా.

నేను చదువుకున్నది తక్కువ. కానీ ఆ పెట్టెలో వచ్చిన పుస్తకంలో ఒక్క అక్షరం లేదు, అన్నీ బొమ్మలే. జన్మలో మొదటిసారి ఒక పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివేశాను.

పిల్లకి నేను పెట్టిన పేరు కెప్టెన్.

“అంకుల్, డ్రాగన్‌ని నువ్వు నిజంగా చూశావా?”

“చూడ్డమేంటి కెప్టెన్, దానింట్లో ఫిల్టర్ పెట్టింది నేనే. నిప్పులు కక్కీ కక్కీ దానికి గొంతెండిపోతుంది కదా!”

“మరి మిమ్మల్ని ఎందుకు తినలేదో,” అంది మేనత్త గుమ్మానికి ఆనుకుని.

“చేదుగా ఉంటానని నేనే చెప్పానండీ.”

మేనత్త నవ్వి లోపలికి వెళ్ళిపోయేది. కెప్టెన్ మాత్రం నవ్వేది కాదు. కళ్ళార్పకుండా నా మొహమే చూస్తూ కూర్చునేది. నేనెన్ని కోతలు కోసినా ఒక్కదాన్నీ అనుమానించలేదు.

ప్రతి ఆదివారం మేనత్త, “ఇంకా చుక్కలు కారుతున్నాయండీ,” అనేది. కారని ఫిల్టర్ని నేను ఇంకాస్త బిగించేవాణ్ణి. ఒకసారి వాన నాకోసం మూడు గంటలు పనిగట్టుకుని కురిసింది. ఆ రోజు ఒకే ముక్క కోసం ఇద్దరం చేతులు చాపాం. తను వెనక్కి తీసుకోలేదు. నేనూ తీసుకోలేదు.

“అది నాది!” అని కెప్టెన్ ముక్క లాక్కుపోయింది.

ఆరో కవరు విప్పిన రోజు నా గుండెల్లో రాయి పడింది. కోట అయిపోతే ఇక ఆదివారం లేదు, గుమ్మం దగ్గర ఆ నవ్వు లేదు. చివర్లో గేటుకి బిగించే మడతబందు ముక్క ఒకటుంది. బూడిద రంగు, గోరంత. అది లేకపోతే గేటు తెరుచుకోదు. ఎవరూ చూడకుండా చొక్కా జేబులో వేసుకున్నాను.

“ఒక ముక్క తక్కువొచ్చింది కెప్టెన్. కంపెనీ వాళ్ళనడిగి తెస్తాలే.”

తర్వాతి ఆదివారం, దాన్ని డ్రాగన్ మింగిందన్నాను. ఆ పై ఆదివారం, డ్రాగన్‌కి దగ్గు మందు పట్టించామనీ, ఇవాళో రేపో కక్కేస్తుందనీ అన్నాను. ఆ రోజు మేనత్త గుమ్మం దాకా వచ్చి, “వచ్చే వారం కూడా వస్తారుగా?” అంది. గాల్లో నడుచుకుంటూ ఇంటికెళ్ళాను.

ఈసారి ఇచ్చేద్దామని వెళ్ళేసరికి కోట నేల మీద లేదు. అల్మరా పైన దుప్పటి కప్పుకుని ఉంది.

“గురువారం అన్నయ్య వచ్చాడు,” అంది మేనత్త. “ఓడ రేవులో ఆగితే ఒక్క పూట పర్మిషన్ దొరికింది. పిల్లకి సర్‌ప్రైజ్ అని చెప్పకుండా వచ్చాడు.”

“మరి గేటు?”

“తెరుచుకోలేదు. టేప్ అంటించాడు, ఊడిపోయింది. పోనీ పైనుంచి గెంతిద్దామన్నాడు. ఇది ఒప్పుకుంటేగా! ‘అంకుల్ తెస్తాడు నాన్నా, ఆగు’ అని కిటికీ దగ్గర నుంచుంది. మీ నంబరు కూడా నా దగ్గర లేదు. మీ ఫిల్టర్ కంపెనీకి ఫోన్ చేస్తే కంప్లయింట్ నంబరు చెప్పమన్నారు. చీకటి పడకముందే అన్నయ్య వెళ్ళిపోయాడు.”

జేబులోంచి ముక్క తీసి అరచేతిలో పెట్టుకున్నాను.

కెప్టెన్ పరిగెత్తుకొచ్చింది. “దొరికిందా! డ్రాగన్ కక్కేసిందా అంకుల్? ఎలా కక్కింది?”

కథ సిద్ధంగానే ఉంది. దారిపొడుగునా అల్లుకుంటూ వచ్చాను. ఆ మొహం చూశాక అది గొంతు దాటలేదు.

“డ్రాగన్ మింగలేదమ్మా. నేనే తీశాను. ఇన్నాళ్ళూ నా జేబులోనే ఉంది.”

“ఎందుకు?”

“కోట అయిపోతే ఈ ఇంటికి రావడానికి నాకు పనుండదని.”

చెప్పింది పిల్లకే గానీ, చూసింది మేనత్త వైపు.

“ఫిల్టర్ మీరు బాగుచేసిన మొదటి రోజు నుంచీ బాగానే ఉంది,” అంది తను. “కారుతోందని నేనూ అబద్ధమే చెప్పాను. కానీ నా అబద్ధానికి ఎవరూ కిటికీ దగ్గర నుంచోలేదు.”

“తప్పయిపోయిందండీ.”

“బెల్ ఉందిగా. పని లేకపోతే నొక్కకూడదని మీకెవరు చెప్పారు?”

అంత తీయని మాట నాకెవరూ చెప్పలేదు. విని సంతోషపడటానికి ఆ రోజు నాకు మొహం లేదు.

కెప్టెన్ నా చేతిలోంచి ముక్క తీసుకుంది. కుర్చీ ఎక్కి, దుప్పటి తీసి, తనే బిగించుకుంది. గేటు టక్కున తెరుచుకుంది.

“కుందేల్ని గెంతిద్దామా కెప్టెన్?”

“నాన్నొచ్చాక,” అని మళ్ళీ దుప్పటి కప్పేసి, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

నాన్న మళ్ళీ రావడానికి పదకొండు నెలలు పట్టింది. అన్ని నెలలూ నేను ఏ పనీ లేకుండానే బెల్ నొక్కాను. మొదట్లో కెప్టెన్ తలుపు తీసి, “అత్తా, నీకోసం,” అని వెళ్ళిపోయేది. నాన్న వచ్చాక నన్ను పక్కకి పిలిచి, “ఇంకేమైనా దాచుంటే ఇప్పుడే తీసెయ్ బావా,” అని జేబులు తడిమి మరీ మా పెళ్ళికి సరేనన్నాడు. ఆ సాయంత్రమే కుందేలు కోటలోకి గెంతింది.

ఇప్పుడు నేను మామయ్యని. కెప్టెన్ నాతో ఆడుతుంది, పోట్లాడుతుంది, కొత్త సెట్ వస్తే కవర్లు నాతోనే విప్పిస్తుంది. నిన్న వాళ్ళత్తతో కలిసి ముగ్గురం అంతరిక్షం ఆట ముక్కలు పరుచుకుని కూర్చున్నాం.

“తెలుసా కెప్టెన్, ఇవాళ ఒక బిల్డింగ్ వాటర్ ట్యాంకులో తిమింగలం దొరికింది. పాపం, దానికి జలుబు.”

“నిజమా మామయ్యా?” అంది నవ్వుతూ.

అడిగింది నన్నే. చూసింది మాత్రం వాళ్ళత్త మొహం.