చిటికెన వేలు

ఆ రోజు పొద్దున్న కూడా డాక్టరమ్మ ఇంట్లో మామూలు గోలే. కూతురికి ఒక మేజోడు దొరకలేదు, మొగుడికి కళ్ళజోడు దొరకలేదు. వెతగ్గా వెతగ్గా రెండూ సోఫా కిందే కనిపించాయి. ఒక్క చోట నిలవని కూతుర్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఆవిడ జడ వేస్తోంది.

"కదిలావంటే జడకి బదులు ముడేసేస్తాను, బుడంకాయా."

బుడంకాయకి ఆరేళ్ళు. బెదిరింపులకి బెదిరే వయసు ఎప్పుడో దాటిపోయింది.

"అమ్మా, ఇవాళ కూడా ఆ పురుగుల్ని చూస్తావా?"

"చూస్తాను."

"అవి నిన్ను చూస్తాయా?"

"వాటికి కళ్ళుండవే."

"మరి నిన్నెలా పట్టుకుంటాయి?"

అన్నేళ్ళు చదివిన చదువులో దీనికి జవాబు ఉంది కానీ, జడ వేస్తూ ఆరేళ్ళ పిల్లకి చెప్పే జవాబు కాదు. "పట్టుకోనిస్తానేంటి?" అని రిబ్బను బిగించి, నెత్తిన ఒక ముద్దు పెట్టి బడికి తోలేసింది.

డాక్టరమ్మ అంటే చెయ్యి పట్టుకుని నాడి చూసే డాక్టరు కాదు. రోగి గొంతులోంచీ, రక్తంలోంచీ తీసిన నమూనాల్లో ఏ క్రిమి దాక్కుందో పట్టుకునే మైక్రోబయాలజిస్టు. చాలా ఏళ్ళు ఆసుపత్రిలో ఆ పని చేసి, తర్వాత ఒకే ఒక్క వైరస్ వెంట పడింది. దాని అసలు పేరు నోరు తిరిగేది కాదు. ల్యాబులో అందరూ దాన్ని 'ఎర్రకన్ను' అనేవాళ్ళు. ముందు కళ్ళ చివర్లు ఎర్రబడతాయి, ఆ తర్వాత ఒళ్ళు వెచ్చబడుతుంది, ఆ తర్వాతది చెప్పుకోకపోవడమే మంచిది. మందు లేదు. ఆ మందు కోసమే ఆవిడ వయసంతా ఆ కిటికీల్లేని గదుల్లో కరిగిపోతోంది.

ఆ గదుల్లో పగలూ రాత్రీ ఒక్కటే. తల నుంచి కాలి దాకా ఊదిన బుడగలా ఉండే తెల్ల సూటు వేసుకోవాలి. పైనుంచి వేలాడే గాలిగొట్టాన్ని నడుము దగ్గర తగిలించుకోవాలి. తగిలించగానే చెవుల నిండా గాలి హోరు, ముక్కు నిండా రబ్బరు వాసన. పక్కన మనిషి అరిచినా వినపడదు. తలకి బిగించుకున్న రేడియోలో గొణిగితేనే వినపడేది. అందుకే లోపల మాటలు తక్కువ, సైగలు ఎక్కువ. ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదు, ఇద్దరు వెళ్ళాలి. పని ముగిశాక ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, గ్లవ్స్‌కి చిల్లు పడిందేమోనని వేలు వేలూ నొక్కి చూడాలి. బాగుంటే మణికట్టు మీద రెండు సార్లు తట్టాలి. ఆ తట్టు పడితే తప్ప బయటికి కాలు పెట్టడానికి లేదు.

అందరూ బొటనవేలితో మొదలుపెడతారు. ఒక్క అక్క మాత్రం చిటికెన వేలితో మొదలుపెట్టేది.

అక్క అంటే సొంత అక్క కాదు. డాక్టరమ్మకి ఈ పని చేతులు పట్టుకుని నేర్పిన పెద్ద శాస్త్రవేత్త. ల్యాబు మొత్తానికి అక్కే. "పని చేసేది ఆ నాలుగే అమ్మాయ్, చిరిగేది మాత్రం ఇది. దీన్నెవరూ పట్టించుకోరు" అనేది చిటికెన వేలు నొక్కుతూ. అక్కకి పెళ్ళీ పిల్లలూ లేరు. డాక్టరమ్మ కడుపుతో ఉన్నప్పుడు ఆ పొట్ట మీద చెయ్యేసి, "నేను దీని పెద్దమ్మని. వేలు పట్టుకుని నడిపించేది నేనే, ముందే చెబుతున్నా, ఎవరూ పోటీకి రాకండి" అని నవ్వేది.

బిడ్డ పుట్టకముందే అక్క పోయింది. ఆ రోజు అక్కకి జంటగా లోపలికెళ్ళిన ఆయనకి ఏదో తొందర. వేళ్ళు నొక్కకుండానే మణికట్టు మీద రెండు తట్లు తట్టేశాడు. ఎడమ చేతి చిటికెన వేలికి చిల్లుంది. రెండు వారాలు తిరక్కుండానే అంతా అయిపోయింది. అక్కని ఒంటరిగా ఉంచిన గది అద్దానికి ఇవతల నిలబడి చూడడం తప్ప ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఏమీ చేయలేకపోయారు. అక్క సూటు కాల్చేశారు. సూట్లు తగిలించే గదిలో ఆవిడ కొక్కెం మాత్రం అలాగే ఖాళీగా ఉండిపోయింది. చోటు చాలకపోయినా సరే, ఎవరూ దానికి తమ సూటు తగిలించరు.

ఇక ఆ రోజు సంగతి.

బయట మిట్టమధ్యాహ్నం. లోపల అదే తెల్ల వెలుతురు. డాక్టరమ్మకి జంట గుండు సార్. ఆయన గుండు సంగతి ఆయనకీ తెలుసు, ఆ పేరు సంగతీ తెలుసు. "దువ్వెన ఖర్చు లేదు కదమ్మా" అనేవాడు. వైరస్ పెంచే గదిలో ఆవిడ గాజు తెర వెనక చేతులు పెట్టి పని చేస్తుంటే, ఆయన అవతలి ఫ్రీజర్ గదిలో నమూనాల డబ్బాలు సర్దుతున్నాడు. రెండు గదుల మధ్యా వెడల్పాటి అద్దం.

పని బాగా సాగింది. వైరస్ ఎక్కించి కొత్త మందు వేసిన కణాలు మూడో రోజు కూడా బతికే ఉన్నాయి. ఆవిడకి ఎగిరి గంతేయాలనిపించింది, ఆ సూటులో గంతేస్తే గాలిగొట్టం ఊడుతుందని ఊరుకుంది. సీసాలన్నీ మూసి, బల్ల తుడిచి, చేతులు బయటికి తీసింది.

కుడి పక్కన తెల్లగా ఒక సూటు వచ్చి నిలబడింది.

గుండు సార్ వచ్చేశాడన్నమాట. ఆవిడ తలెత్తనైనా లేదు. ఎన్నో ఏళ్ళ అలవాటు కదా, రెండు చేతులూ చాపింది.

తెల్ల గ్లవ్స్ తొడిగిన చేతులు ఆవిడ కుడి చేతిని పట్టుకున్నాయి. చిటికెన వేలు. ఉంగరపు వేలు. నడిమి వేలు... మెల్లిగా, ఏ తొందరా లేకుండా, ఒక్కో వేలినీ నొక్కుతూ పోతున్నాయి.

సార్ అక్కని అనుకరిస్తున్నాడే, అనుకుంది. అనుకుని నవ్వుకుంది కూడా. కానీ ఇన్నేళ్ళలో ల్యాబులో ఎవరూ ఆ పని చేయలేదు. అక్కని తలుచుకుని పరాచికాలాడే మనిషి కాదాయన.

కుడి చెయ్యి అయింది. ఎడమ చేతికొచ్చింది.

చిటికెన వేలు. నొక్కింది. అక్కడే ఆగింది.

రేడియోలో గరగరమని శబ్దం. గుండు సార్ గొంతు.

"ఇంకో రెండు డబ్బాలున్నాయమ్మా. కాస్త ఆగండి, వచ్చేస్తున్నా."

ఆవిడ తలెత్తింది. అద్దం అవతల, ఫ్రీజర్ గదిలో, వీపు ఇటు తిప్పి వంగి ఉన్నాడాయన. నీలం గాలిగొట్టం పైనుంచి ఆయన నడుము దాకా వేలాడుతోంది.

ఆవిడ చెయ్యి ఇంకా ఎవరి చేతిలోనో ఉంది.

చూడకూడదు అనుకుంది. చూసింది. తెల్ల సూటు. గాలి లేక ముడతలు పడి ఒంటికి అతుక్కుని ఉంది. నడుముకి గొట్టం లేదు. గొట్టం లేకుండా అందులో మనిషి ఎక్కువసేపు ఉండలేడు. మొహం ముందు ప్లాస్టిక్ మీద ట్యూబులైటు మెరుస్తోంది. ఆ మెరుపు వెనక... ఊపిరి ఆవిరి లేదు. చిన్న మసకైనా లేదు.

"సార్..." అంది.

"ఆఁ, ఏంటమ్మా?"

"ఇక్కడ... ఎవరో..."

చెయ్యి లాక్కోవాలనుకుంది. లాగలేకపోయింది. గట్టిగా పట్టుకుందనా? కాదు. ఎంత మెత్తగా పట్టుకుందంటే, ఇంట్లో తను బుడంకాయ చెయ్యి పట్టుకున్నట్టు. నిలబడి అలా చూస్తూనే ఉంది... ఆ చెయ్యి చిటికెన వేలిని ఇంకోసారి నొక్కింది. ఇంకోసారి... మణికట్టు మీద తట్టు మాత్రం పడలేదు.

గుండు సార్ తలుపు తోసుకుని వచ్చేసరికి ఆవిడ ఒక్కతే ఉంది. రెండు చేతులూ ముందుకి చాపి, బొమ్మలా.

"ఏమైందమ్మా? కళ్ళు తిరిగాయా?"

ఆవిడ ఎడమ చేతిని క్రిముల్ని చంపే మందునీళ్ళ గిన్నెలో ముంచింది. సూటు నిండా గాలి ఉంటుంది, చిల్లుంటే బుడగ రావాలి. చిటికెన వేలి కొస నుంచి సన్నటి బుడగ ఒకటి పైకొచ్చింది. దాని వెనకే ఇంకొకటి.

గుండు సార్ మొహం పాలిపోయింది. "ఇందాక లోపలికొచ్చేటప్పుడు నేనే చూశాను. బంగారంలా ఉంది. ఒట్టు."

"నాకు తెలుసు సార్."

మందు జల్లులో తడిసి, సూట్ల గదిలోకి వచ్చి, సూటు గ్లవ్ కింద తొడుక్కునే లోపలి గ్లవ్‌లో నీళ్ళు పోసి ఎత్తి పట్టుకున్నారు. దాని చిటికెన వేలి నుంచీ ఒక చుక్క మెల్లిగా దిగింది. వేలి మీద గాటు లేదు, గీత లేదు. ఉన్నా లేకపోయినా తర్వాత జరగాల్సింది ఒకటే. ఇంటికి పోవడం లేదు, ఎవరినీ ముట్టుకోవడం లేదు, నేరుగా ఐసొలేషన్ గదికే.

వెళ్తూ వెళ్తూ గుండు సార్ గోడ వైపు చూసి ఆగిపోయాడు. అక్క ఖాళీ కొక్కెం కింద నేల తడిగా ఉంది. మందునీళ్ళు. కొక్కెం కొస నుంచి ఇంకో చుక్క జారి అందులో పడింది. అప్పుడే జల్లులోంచి వచ్చిన సూటేదో అక్కడ తగిలించి తీసినట్టు.

ఐసొలేషన్ గదికి ఒక మంచం, ఒక అద్దం, అద్దానికి రెండు వైపులా చెరో ఫోను. ఆ రోజులు ఎలా గడిచాయో అడక్కూడదు. పొద్దున్న లేవగానే చిన్న అద్దంలో కళ్ళ చివర్లు చూసుకోవడం, గంటకోసారి నుదుటి మీద చెయ్యి పెట్టుకోవడం. చావంటే భయం లేదని చెప్పుకోవడానికి ఆవిడేమీ సన్యాసిని కాదు. బతకాలని ఉంది. పిల్ల జడ వేయాలని ఉంది. ఒకే ఒక్క మాట తలుచుకుని ధైర్యం తెచ్చుకునేది. నేను ఇంటికి వెళ్ళలేదు. దాన్ని ముట్టుకోలేదు. నాకేమైనా అది క్షేమం.

అక్క గురించి కూడా ఆలోచించింది. హెచ్చరించడానికే వచ్చింది, లేకపోతే నేను చూసుకోకుండా ఇంటికి పోయేదాన్ని, అని నమ్మాలనుకుంది. నమ్మింది కూడా. కానీ పొద్దున్న బంగారంలా ఉన్న గ్లవ్‌కి, పదునైన వస్తువు ఒక్కటీ లేని ఆ బల్ల దగ్గర, చిల్లు ఎలా పడింది? అక్కడికొచ్చేసరికి ఆలోచన ఆపేసేది.

రోజులు గడిచాయి. కళ్ళు తెల్లగానే ఉన్నాయి. రక్త పరీక్షలో ఏమీ లేదు. చివరి పరీక్షలోనూ ఏమీ లేదు. "గండం గడిచిందమ్మా, రేపు ఇంటికి" అని గుండు సార్ ఫోనులో చెబుతూ ఏడ్చేశాడు. ఆవిడా ఏడ్చింది.

ఆ సాయంత్రం మొగుడు కూతుర్ని తీసుకొచ్చాడు. ఇన్నాళ్ళూ పిల్లని రానివ్వలేదు, ఇవాళ చూపించొచ్చన్నారు. బుడంకాయ జడ వంకరగా ఉంది. వాళ్ళ నాన్న వేసిన జడ మరి. అద్దానికి ముక్కు ఆనించి ఫోను అందుకుంది.

"అమ్మా, చేతులు చూపించు."

ఆవిడ నవ్వుతూ రెండు అరచేతులూ అద్దానికి ఆనించింది. పిల్ల అవతలి నుంచి ఒక్కో వేలి మీదా తన వేలు పెట్టి నొక్కుతూ వచ్చింది. చిటికెన వేలు. ఉంగరపు వేలు. నడిమి వేలు...

ఆవిడ నవ్వు ఆగిపోయింది. ల్యాబు సంగతులు ఆవిడ ఎన్నడూ గడప దాటి ఇంట్లోకి రానివ్వలేదు.

"ఇది నీకెవరు నేర్పారే?"

"పెద్దమ్మ."

"ఏ పెద్దమ్మ?"

"తెల్ల డ్రెస్సు పెద్దమ్మ. బడి గేటు దగ్గరికి వస్తుంది కదా. నా వేళ్ళన్నీ చూసింది. అన్నీ బాగున్నాయంట..." పిల్ల తన ఎడమ చెయ్యి ఎత్తి, చిటికెన వేలు విడదీసి చూపించింది. "ఇదొక్కటి తప్ప."

ఆవిడ పిల్ల మొహం చూసింది. కళ్ళు చూసింది. కళ్ళ చివర్లు...

"ఫోనివ్వు... మీ నాన్నకి ఫోనివ్వు తల్లీ!"

మొగుడు ఫోను అందుకున్నాడు. నవ్వుతున్నాడు. "నువ్వొస్తున్నావని నిన్నట్నుంచీ నిద్రపోలేదు, ఒకటే ఏడుపు, కళ్ళు చూడు ఎలా ఎర్రబడ్డాయో. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది, జలుబేమోలే. టైమయిందంటున్నారు. రేపు పొద్దున్నే వస్తాం, సరేనా?"

"ఆగు! దాని కళ్ళు... ఇక్కడే ఉండు, ఎక్కడికీ తీసుకెళ్ళకు—"

అప్పటికే ఆయన ఫోను పెట్టేశాడు. ఆవిడ అద్దం మీద బాదింది. మందపాటి అద్దం, చప్పుడు అవతలికి పోదు. సంతోషం పట్టలేక చేతులూపుతోందనుకున్నాడేమో, ఆయన కూడా చెయ్యి ఊపాడు. ఆవిడ గోడ మీదున్న గంట నొక్కింది. నొక్కుతూనే ఉంది. ఎవరూ రాలేదు.

పొడవాటి వరండాలో తండ్రీకూతుళ్ళు అటు తిరిగి నడుస్తున్నారు. బుడంకాయ కుడి చెయ్యి నాన్న చేతిలో ఉంది.

ఎడమ చెయ్యి పక్కకి, కాస్త పైకెత్తి ఉంది. చిటికెన వేలు ఒక్కటే చాపి, ఎవరో పట్టుకుని నడిపిస్తున్నట్టు.