నొక్కి పట్టుకో, వదలకు

"ఆపండి! దాన్ని కోయకండి!"

లేత్ మిషన్ మీదికి వంగిన మేస్త్రి ఉలిక్కిపడి స్విచ్ ఆపేశాడు. ఇండోనేషియాలోని మలాంగ్ ఊళ్లో, పాతసామాన్ల బజారులోని ఆ ఇరుకు షెడ్డు గుమ్మంలో ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. చొక్కా భుజాల దాకా తడిసిపోయింది. చేతిలో గొడుగుంది, కానీ మూసే ఉంది.

"గొడుగు తెరవడం మర్చిపోయినట్టున్నారు," అంది మేస్త్రి పక్కనే నిలబడి పని చేయిస్తున్న వెనింగ్.

"ఆ చక్రం హబ్ ఏ కారుదో మీరు మర్చిపోయినట్టున్నారు. అరవై రెండు మోడల్ ఇటలీ కారుదండీ అది! చుట్టుపక్కల వెతికినా వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని లేవు. దాన్ని చెక్కించి డిస్క్ బ్రేకులు పెడతారా?"

"పెడతాను."

"అది హత్యండీ."

"నేను పశువుల డాక్టర్ని. హత్యకీ ఆపరేషన్‌కీ తేడా నాకు తెలుసు. మేస్త్రిగారూ, మీరు కానివ్వండి."

మేస్త్రి నవ్వాపుకుంటూ మళ్లీ స్విచ్ వేశాడు. ఇనుము కీచుమంటుంటే ఆ యువకుడు తన పంటినే రాపిడి పెడుతున్నట్టు ముఖం పెట్టాడు.

అతని పేరు జత్మికో. హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెబుతాడు. మిగతా టైమంతా ఊళ్లోని పాత కార్ల క్లబ్బు పనులే. అతనికీ అదే మోడల్ కారుంది. దాని తలుపు గడియ దగ్గర్నుంచి అద్దం తుడిచే రబ్బరు దాకా అన్నీ కంపెనీవే అని ఎవరు కనిపించినా చెప్పుకునేవాడు.

"అరవై ఏళ్లు డ్రమ్ బ్రేకులతోనే తిరిగాయండీ ఆ కార్లు," అన్నాడు, ఇక ఊరుకోలేక.

"మీ కారు ఎప్పుడైనా పూజోన్ కొండ దిగిందా?"

"లేదు. నేను ఊళ్లోనే... ఆదివారాలు..."

"ఆదివారాలు, ఎండ కాస్తేనే, నున్నటి రోడ్డు మీద షికారు. మాది కొండమీది ఇల్లు. ఎక్కడికి పోవాలన్నా ముందు దిగాలి."

వాన తగ్గేదాకా ఇద్దరూ ఆ రేకు కిందే నిలబడాల్సి వచ్చింది. మాట్లాడకుండా ఉండటం ఇబ్బందిగా ఉండి, కోపం కూడా ఇంకా చల్లారక, వెనింగ్ జరిగింది చెప్పేసింది.

ఆమె తండ్రి హర్దిమన్ ముప్ఫయ్యేళ్లు పూజోన్ నుంచి పాల ట్యాంకర్ నడిపాడు. ఆ మలుపులన్నీ ఆయనకి కొట్టినపిండి. ఇష్టంగా కొనుక్కుని, ఇంట్లోనే విప్పి, బిగించి, పెంచుకున్న కారది. రెండేళ్ల క్రితం భార్యని పక్కన కూర్చోబెట్టుకుని దిగుతుంటే, ఎక్కడో తుప్పుపట్టిన గొట్టం చిల్లుపడి బ్రేకు ఆయిలంతా కారిపోయింది. పెడల్ నేలకి తాకింది. ఒకపక్క లోయ, ఒకపక్క కొండ. ఆయన కారుని కొండవైపు క్యారెట్ మడిలోకి తోశాడు. ఇద్దరూ బతికారు. అమ్మకి భుజం ఎముక విరిగింది.

"ఆ రోజు నుంచి నాన్న ఏ బండీ ముట్టుకోలేదు. నా స్కూటర్ వెనక కూర్చుని కళ్లు మూసుకుంటాడు. ఇప్పుడా కారుని ఎవరికో అమ్మేస్తానంటున్నాడు. వానాకాలం అయ్యేదాకా ఆగమని బతిమాలాను. ఈలోపు దానికి నమ్మకమైన బ్రేకులు పెట్టి, నాన్నని మళ్లీ ఆ సీట్లో కూర్చోబెడతాను."

జత్మికో లేత్ మీద తిరుగుతున్న హబ్ వైపు చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "మాస్టర్ సిలిండర్ కూడా మారుస్తున్నారా? పాతదాంట్లో అన్నిటికీ కలిపి ఒకటే ఆయిల్ లైను. ఎక్కడ కారినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. ముందువి వేరు, వెనకవి వేరు చెయ్యాలి."

"తెలుసు. ఆ సిలిండర్ కూడా దొరికింది. బిగించేటప్పుడు పట్టుకోవడానికి ఇంకో చెయ్యే దొరకలేదు."

"నాకు రెండున్నాయి."

వెనింగ్ అతన్ని ఎగాదిగా చూసింది. "గొడుగు తెరవడం వచ్చా?"

"నేర్చుకుంటాను."

*

తర్వాతి ఆదివారం పూజోన్‌లో ఆ ఇంటి గేటు తీసి, రేకుల పందిరి కింద ఉన్న కారుని చూడగానే జత్మికో కాళ్లు ఆగిపోయాయి. మీగడ రంగు ఒళ్లు, నొక్కుకుపోయిన కుడి బుగ్గ. నంబర్ ప్లేటు అతనికి కంఠతా వచ్చు, ఊరూ పేరూ లేని అమ్మకం ప్రకటన ఫోటోలో చూసిందే. హర్దిమన్ అమ్ముతానన్నది ఈ కారే. కొంటానని ఫోన్లో మాటిచ్చిన ఆ 'ఎవరో' తనే.

చెప్పేద్దామని నోరు తెరిచాడు. అప్పటికే వెనింగ్ కారు కిందికి దూరి, "పదమూడు పానా ఇటివ్వండి!" అంటోంది. ఇచ్చాడు. మాట నోట్లోనే ఉండిపోయింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చాడు. పాత గొట్టాలన్నీ పీకి కొత్త రాగి గొట్టాలు వంచారు. డిస్కుని పట్టి ఆపడానికి వ్యానుకి వాడే కాలిపర్లు తెచ్చి, వాటికి తగ్గ పట్టీలు కోయించి బిగించారు. రేకుల మీద వాన చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినపడక అరుచుకునేవాళ్లు.

"చెయ్యి అంత లోపలికి పెట్టకు, ఇరుక్కుంటుంది!"

"ఆవు కడుపులో మోచేతి దాకా పెట్టేదాన్ని. నాకు చెప్పొచ్చావా?"

"ఆవు ఇంత మొండిగా ఉండదేమో."

"మాస్టార్లు అంతకంటే మొండిగా ఉంటారు."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు. అరటిపండు బజ్జీల పళ్లెం తెచ్చిన వెనింగ్ తల్లి లస్మీ మాత్రం గమనించింది. జత్మికో పళ్లెంలో ఒకటి ఎక్కువేసి వెళ్లిపోయింది.

హర్దిమన్ పందిట్లోకే వచ్చేవాడు కాదు. కిటికీ పక్కన కూర్చుని, చప్పుడు వినపడకుండా రేడియో పెంచుకునేవాడు. ఒక ఆదివారం కరెంటు పోయి రేడియో ఆగిపోయింది. పందిట్లో జత్మికో ఏదో చెప్పి గట్టిగా నవ్వాడు. హర్దిమన్ లేచి గుమ్మంలోకి వచ్చాడు.

"ఈ గొంతు నాకు తెలుసు. ఫోన్లో కారు బేరమాడింది నువ్వే కదూ?"

వెనింగ్ చేతిలో పానా ఆగిపోయింది. జత్మికో వైపు తిరిగింది. "నిజమా?"

"నిజమే. కానీ వెనింగ్, బజార్లో నిన్ను కలిసినప్పుడు నాకు తెలీదు. ఇక్కడికొచ్చి చూశాకే..."

"చూశాక ఇన్ని వారాలున్నాయి."

"చెప్పాలనే అనుకున్నా..."

"ఎందుకు చెప్తావు? ఎలాగూ నీ ఇంటికొచ్చే కారు. ముందే వచ్చి సొంతానికి బాగుచేసుకుంటున్నావు. నేనేమో..." ఆమె మాట మింగేసింది. "చేతులు కడుక్కుని వెళ్లు."

అతను వెళ్లిపోయాడు. గొడుగు ఈసారీ తెరవలేదు.

*

వెనింగ్ ఏడవలేదు. సాయంత్రం వెలుగు పోయేదాకా ఒంటరిగా పనిచేసింది. కుడివైపు హబ్‌ని కిరసనాయిలుతో కడిగి ఎత్తి చూస్తే, బోల్టు రంధ్రం పక్కన వెంట్రుకలాంటి గీత కనిపించింది. గుడ్డతో తుడిచింది. పోలేదు. క్యారెట్ మడిలో గట్టుకి గుద్దుకున్న వైపు అదే. హబ్ పగిలింది.

"ఇక చాలమ్మా," అన్నాడు తండ్రి, గుమ్మం దాటకుండానే. "కారు బాగైనా నా కాలు బాగవదు. ఆ రోజు పెడల్ నొక్కితే కింద ఏమీ లేదు. గాలి. ఇప్పటికీ నిద్రలో నా కాలు ఆ గాలిని నొక్కుతూనే ఉంటుంది. వదిలెయ్."

"నేను వదలను నాన్నా."

సురబాయాకి ఫోన్ చేసింది. జోగ్జాకి చేసింది. పాత ఇనుము కొట్లన్నీ తిరిగింది. దూడని బయటికి లాగుతూ కూడా చెవిలో ఫోన్ పెట్టుకుని హబ్ గురించే అడిగింది. ఎక్కడ అడిగినా లేదన్నారు. ఒక కొట్టువాడు మాత్రం, "మలాంగ్‌లో ఒక మాస్టారి దగ్గర విడిగా ఒకటుందని విన్నా. కన్నబిడ్డలా దాచుకున్నాడట, ప్రాణం పోయినా ఇవ్వడు," అన్నాడు. ఏ మాస్టారో ఆమె అడగలేదు. అతనికి ఫోన్ చెయ్యడానికి మనసొప్పలేదు.

చివరికి అతనే వచ్చాడు. మధ్యాహ్నం, మంచు కొండ మీంచి ఇంటి ముందుదాకా దిగి ఉంది. మోటార్‌సైకిల్ ఆపి, సంచిలోంచి గుడ్డమూట తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"కొట్టువాడు నాకూ ఫోన్ చేశాడు. ఎవరో డాక్టరమ్మ హబ్ కోసం ఊళ్లన్నీ ఏకం చేస్తోందన్నాడు."

ఆమె మూట విప్పింది. లోపల హబ్. అంచంతా కొత్తగా చెక్కి, డిస్కుకి రంధ్రాలు కూడా వేసి, తళతళలాడుతోంది.

"కోయించేశావా?" ఆమె కొత్త అంచు మీద వేలు నడిపింది.

"మేస్త్రి నమ్మలేదు. ఇంటికెళ్లి ఆలోచించుకుని రమ్మన్నాడు. వెళ్లలేదు. అక్కడే నిలబడి కోయించాను." అతను తల దించుకున్నాడు. "కారు నాకొద్దని మీ నాన్నగారికి చెప్పేశాను. కొనేది నేనేనని మొదటిరోజే చెప్పాల్సింది. చెప్తే గేటు దగ్గర్నుంచే పంపించేస్తావని భయమేసింది."

"పంపించేసేదాన్నే."

"ఇప్పుడు?"

వెనింగ్ హబ్‌ని గుండెకి హత్తుకుంది. జాకెట్‌కి నూనె అంటింది. చూసుకోలేదు. "ఇప్పుడు కుడి చక్రం ఎత్తాలి. జాకీ నువ్వు కొడతావా, నన్ను కొట్టమంటావా?"

*

అన్నీ బిగించాక మిగిలింది గొట్టాల్లోంచి గాలి తీసే పని. దానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ నొక్కి పట్టాలి. రెండోవాళ్లు కింద స్క్రూ వదులుచేసి, గాలిబుడగలు పోయాక బిగించాలి. స్క్రూ బిగించేలోపు పెడల్ వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది.

వెనింగ్ సీట్లో కూర్చుంది. జత్మికో వెనక చక్రం కిందికి దూరాడు. ఆమెకి అతని బూట్లు తప్ప ఏమీ కనిపించడంలేదు.

"నొక్కు."

"నొక్కా."

"పట్టుకో. వదలకు."

కింద ఆయిల్ పట్టే సీసాలో బుడగలు గుడగుడలాడాయి.

"వెనింగ్."

"ఏంటి, బిగించావా?"

"లేదు. వదలకు. ఒక మాట చెప్పాలి. నీ ముఖం చూస్తే నాకు చెప్పడం రాదు, అందుకే ఇక్కణ్ణుంచి చెప్తున్నా. హబ్ ఇచ్చింది కారు కోసం కాదు. మీ నాన్నగారి కోసమూ కాదు. నువ్వంటే నాకు ఇష్టం. ఆ షెడ్డులో 'మేస్త్రిగారూ కానివ్వండి' అన్నావే, అప్పట్నుంచే."

పెడల్ మీంచి ఆమె కాలు జారిపోయింది.

"అయ్యో! వదిలేశావా? గాలంతా లోపలికి పోయింది!"

"అలాంటి మాటలు స్క్రూ బిగించాక చెప్పాలి!"

"జవాబు చెప్పు ముందు!"

"ముందు గాలి తీయి! అది తీస్తే జవాబు చెప్తా!"

గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. ఇద్దరూ బిగుసుకుపోయారు. హర్దిమన్ నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నుంచో తెలీదు. ఆయన రెండేళ్ల తర్వాత మొదటిసారి పందిట్లోకి అడుగుపెట్టి, వంగి, కారు కిందికి చూశాడు.

"సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టావా?"

"పెట్టానంకుల్," అంది కారు కింద నుంచి ఒక నీరసమైన గొంతు.

"ఊఁ. ఈసారి నోరు మూసుకుని చెయ్యి."

మళ్లీ మొదట్నుంచి చేశారు. నాలుగో చక్రం అయ్యాక వెనింగ్ పెడల్ నొక్కింది. కాలి కింద అది రాయిలా ఆగింది. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, కింద నుంచి పాకుతూ వచ్చిన అతని మసి ముఖాన్ని చూసింది.

"నాక్కూడా," అంది.

"ఏంటి?"

"జవాబు. నాక్కూడా ఇష్టమే. ముక్కు మీద ఆయిలుంది, తుడుచుకో."

*

ట్రయల్‌కి హర్దిమన్ రానన్నాడు. లస్మీ మాట్లాడకుండా వెళ్లి వెనక సీట్లో కూర్చుంది.

"నువ్వెందుకే?"

"విరిగింది నా ఎముక. నేనే భయపడకపోతే మీకేంటండీ?"

ఆయన కాసేపు అక్కడే నిలబడి, ముందు సీట్లో కూర్చుని తలుపేసుకున్నాడు. జత్మికో వెనక లస్మీ పక్కన సర్దుకున్నాడు.

వాన తుంపరగా పడుతోంది. ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడిపి, ఆపి, మళ్లీ నడిపి చూసుకున్నాకే వెనింగ్ దిగుడులోకి దించింది. హర్దిమన్ కుడికాలు ఖాళీ నేలని నొక్కుతూనే ఉంది. ప్రతి మలుపుకీ ఆయన పెదవులు కదిలాయి. క్యారెట్ మడి దగ్గరికొచ్చేసరికి గొంతు పెగిలింది.

"ఆపు."

వెనింగ్ నొక్కింది. ఆ వాలులో కారు గుమ్మం ముందు ఆగినంత బుద్ధిగా ఆగింది.

ఆయన దిగాడు. గట్టు దగ్గరికి వెళ్లి తడిమట్టిని చూశాడు, లోయ వైపు చూశాడు. తిరిగొచ్చి డ్రైవర్ తలుపు తీశాడు.

"జరుగు."

వెనింగ్ జరగబోతుంటే లస్మీ, "నా పక్కసీటు నాకిచ్చెయ్. నువ్వెళ్లి వెనక కూర్చో," అంటూ ముందుకొచ్చేసింది.

హర్దిమన్ స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టాడు. పాదం పెడల్ మీద పెట్టి నొక్కాడు. మళ్లీ నొక్కాడు. కింద గట్టిగా తగిలిందేమో, ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గేరు వేసి కదిలాడు. కదిలి, ఆపాడు. మళ్లీ కదిలి, మళ్లీ ఆపాడు. చిన్నపిల్లాడిలా నవ్వడం మొదలుపెట్టాడు.

"ఆ బ్రేకుతో ఆటలేంటండీ! నా మెడ పోతోంది!" అని లస్మీ కసురుతుంటే ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయి.

ఇంటికి వెనక్కి పోవాలంటే తిరిగే చోటు వచ్చింది. ఆయన తిప్పలేదు. అద్దంలోంచి వెనక సీటుకేసి చూశాడు. అక్కడ రెండు మసి చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. చటుక్కున విడిపోయాయి.

"బాబూ, మలాంగ్‌లో మీ అమ్మానాన్నలుండేది ఎక్కడ?"

జత్మికో చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "స్టేషన్ వెనకాల అంకుల్. ఎందుకు?"

"వెళ్దామని."

"ఇప్పుడా? నాన్నా, బట్టలన్నీ గ్రీజు!" అంది వెనింగ్.

"అంకుల్, పిల్లనడగడానికి మా వాళ్లే కదా మీ ఇంటికి రావాలి?"

"వాళ్లు కొండెక్కి ఎప్పుడొస్తారో. నేనిప్పుడు దిగుతున్నాగా," అంటూ హర్దిమన్ గేరు తగ్గించి, తర్వాతి మలుపులోకి కారుని నెమ్మదిగా వంచాడు.